పంటికి ఎక్స్‌రే... ఎందుకని అడగండి

ఏటూరునాగారం నుంచి హనుమకొండకు వంద కిలోమీటర్ల పైమాటే. పంటినొప్పితో పొద్దున్నే బస్సెక్కి అంత దూరం వెళ్లిన వాళ్లకు ‘ముందు ఎక్స్‌రే తీయించుకోండి’ అన్న మాట వినిపిస్తుంది. కొందరు మారుమాట్లాడకుండా తీయించుకుంటారు. కొందరు ‘రేడియేషనట, పిల్లాడికి వద్దు’ అని వెనక్కి వచ్చేసి, నొప్పి బిళ్లలతో, లవంగం నూనెతో కాలం గడుపుతారు. ఈ ఎక్స్‌రేలో ఏం కనిపిస్తే వైద్యం మారుతుందని మాత్రం ఇద్దరూ అడగరు.

ముందు భయం సంగతి. ఒకటి రెండు పళ్లకు తీసే చిన్న ఎక్స్‌రేలో అందే రేడియేషన్ సుమారు 5 మైక్రోసీవర్టులు. నేల నుంచీ గాలి నుంచీ ఆకాశం నుంచీ మనకు ఎలాగూ అందేది ప్రపంచ సగటున ఏడాదికి 2,400, అంటే రోజుకు ఆరేడు. దవడ మొత్తం చూపించే ఓపీజీకి 10 నుంచి 25 దాకా అవుతుంది. త్రీడీ స్కాన్ సీబీసీటీ వేరే లెక్క, యంత్రాన్ని బట్టి పదుల నుంచి వందల మైక్రోసీవర్టులు. మూడింటినీ ‘పంటి ఎక్స్‌రే’ అనేస్తాం కాబట్టే చిన్నదానికి భయపడుతున్నాం, పెద్దదానికి తలూపుతున్నాం. 1896లో జర్మనీలో ఒట్టో వాల్‌కాఫ్ తన పళ్లకే మొదటి ఎక్స్‌రే తీసుకున్నప్పుడు 25 నిమిషాలు కదలకుండా ఉండాల్సి వచ్చింది. ఇప్పుడు క్షణంలో పని అయిపోతుంది.

వద్దనకూడని సందర్భాలున్నాయి. రెండు పళ్లు ఆనుకున్న చోట మొదలైన పుచ్చు అద్దంలో కనిపించదు. రూట్ కెనాల్‌లో వేరు పొడవు కొలవడానికి, నింపిన మందు చివరిదాకా చేరిందో లేదో చూడటానికి రెండు మూడు ఎక్స్‌రేలు అవసరమే, డాక్టర్ డబ్బు కోసం తీస్తున్నాడనుకోకండి. అడ్డంగా పెరిగిన జ్ఞానదంతం తీసే ముందు అది దవడ నరానికి ఎంత దగ్గరగా ఉందో తెలియాలి. బైకు మీద నుంచి పడి దవడకు దెబ్బ తగిలినా అంతే. చిగురు వాచి చీము పట్టినప్పుడు గర్భిణి అయినా సరే, విషయం డాక్టరుకు చెప్పి తీయించుకోవచ్చు. ఆ ఇన్ఫెక్షన్‌ను వదిలేయడమే ఎక్కువ ప్రమాదం. వాయిదా వేయదగింది మామూలు చెకప్ ఎక్స్‌రేని.

నోరు తెరిచి చూడకముందే ఎక్స్‌రే గదికి పంపితే మాత్రం ఆగి అడగండి. ఏ బాధా లేని మనిషికి ఆరు నెలలకోసారి అలవాటుగా తీయడం అనవసరం. పుచ్చు ముప్పు తక్కువగా ఉన్న పెద్దలకు రెండు మూడేళ్లకోసారి చాలని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2012లోనే చెప్పింది. పాలపళ్ల మధ్య సందులుండి, అన్ని వైపులా కంటికి కనిపిస్తున్న పిల్లలకు పుచ్చు వెతకడానికి ఎక్స్‌రే ఎందుకు? మామూలు పిప్పిపన్నుకు సీబీసీటీ రాస్తే చిన్న ఎక్స్‌రేలో తెలియనిది ఏమిటో చెప్పమనండి. సీసపు ఏప్రాన్ వేయలేదని మాత్రం గొడవ పడక్కర్లేదు. అది ప్రతిసారీ అవసరం లేదని అదే సంఘం 2024లో తేల్చింది. కిరణాన్ని కావలసిన చోటికే పరిమితం చేయడం, ఒకసారి తీసింది మళ్లీ తీయకుండా చూడటం అంతకన్నా ముఖ్యం.

ఆ ‘మళ్లీ’ దగ్గరే మన జేబుకు చిల్లు. ములుగులో ఒకటి తీస్తారు, హనుమకొండలో పాతది చూడకుండానే ఇంకొకటి. ఎక్స్‌రేకి డబ్బు కట్టింది మీరు, దాన్ని అడిగి తీసుకోండి. తెర మీది బొమ్మను ఫోన్‌తో ఫొటో తీస్తే వివరాలు చెదిరిపోతాయి. అసలు ఫైలే వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమనండి. తేదీ, ఏ పన్నో రాసి పెట్టుకోండి. ఎక్స్‌రే యంత్రం నడపడానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి, ఉందా అని అడిగితే నొచ్చుకోవాల్సిన పని ఏ క్లినిక్‌కూ లేదు. పాత ఎక్స్‌రే చూపించినా కొత్తది కావాలంటే, అందులో ఏం సరిపోలేదో డాక్టరునే చూపించమనండి.