ఏ వేగానికి ఏ గేరు?

మోటారు సైకిలు లేని ఇల్లు మనవారిలో ఇప్పుడు అరుదు. అబ్బాయి కాలేజీకీ, కోడలు ఆఫీసుకూ, తాతగారు దేవాలయానికీ అదే బండి. నడపడం అందరికీ వచ్చును. గేరు ఎప్పుడు మార్చాలన్న దగ్గర మాత్రం ఎవరి మతం వారిది. అందుచేత ఈ నెల ఆ సంగతే ముచ్చటిద్దాము.

ఇంజను బలం అన్ని వేగాలలోనూ ఒకేలా ఉండదు. మరీ మెల్లగా తిరిగితే లాగే సత్తువ చాలదు. మరీ జోరుగా తిరిగితే పెట్రోలు తాగి అరుస్తుంది. నడుమ కొంతమేర దానికి హాయి. చక్రం ఎంత వేగంతో పోతున్నా ఇంజనును ఆ మేరలో ఉంచడమే గేర్ల పని. మొదటి గేరులో ఇంజను చాలా చుట్లు తిరిగితే గాని చక్రం ఒక చుట్టు తిరగదు. అందుకే వేగం తక్కువ, లాగుడు ఎక్కువ.

నాలుగు గేర్ల 100 సి.సి. బండికి ఉజ్జాయింపుగా చెప్పాలంటే, కదలడానికి మొదటిది, గంటకు 10, 15 కిలోమీటర్లు దాటగానే రెండవది, 25, 30 దగ్గర మూడవది, 40 దాటాక నాలుగవది. ఇది చదును రోడ్డున ఒంటరిగా పోయేవారికి. వెనుక ఇల్లాలు, ముందు బియ్యం సంచి ఉంటే అంకెలు మారిపోతాయి. కనుక ముల్లుకంటె చెవిని నమ్మడం మేలు. నాలుగవ గేరులో 25కు పడిపోయి బండి గడగడ వణుకుతూంటే గేరు దించండి. రెండవదానిలోనే గోలపెడుతూంటే పెంచండి. "పెద్ద గేరులో పెట్రోలు ఆదా" అని మూలిగే బండిని అలాగే లాగించేవారున్నారు; ఆ ఆదా అంతా చివరకు మెకానిక్కుకే ముడుతుంది.

మలుపులో కాదు, మలుపుకు ముందే గేరు దించాలి. లారీని దాటదలచినా అంతే.

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడినది. 1961లో మైసూరులో జావాల తయారీ మొదలైనది. ఆ ప్రాంతాల మన కుటుంబాలలో ఆనాటి బళ్లను అపురూపంగా దాచుకున్నవారు లేకపోలేదు. పాత బుల్లెట్టుకు గేరు కుడికాలి క్రింద ఉంటుంది, మొదటిది పైకి, తక్కినవి క్రిందికి. నేటి బళ్లకు కుడికాలి క్రింద ఉండేది బ్రేకు. తాతగారి బుల్లెట్టు తీసిన మనుమడు బ్రేకనుకొని గేరు తొక్కితే బండి ఆగదు సరిగదా, పై గేరులో పడుతుంది. తాళం చెవి ఇచ్చేముందు ఈ మాట చెప్పండి.

ఇక ఘాట్ రోడ్డు. మనవారిలో బండి మీదనే తిరుమల పోయేవారు చాలామంది. 1974లో రెండవ ఘాట్ రోడ్డు వచ్చినది. నేడు దానిమీద ఎక్కి, 1944 నాటి మొదటి రోడ్డు మీదుగా దిగుతారు. ఎక్కేటప్పుడు బండి మూలిగేదాకా ఆగక ముందే రెండవ గేరుకో మూడవదానికో రావాలి. ఎక్కడం సులువే, దిగడంలోనే ఉన్నది ప్రమాదమంతా. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేస్తారు కొందరు, వెనుక పిల్లలను కూర్చోబెట్టుకొని! అప్పుడు బరువంతా బ్రేకుల మీదనే పడుతుంది. డ్రమ్ము వేడెక్కినకొద్దీ పట్టు సడలుతుంది. పిడి ఎంత నొక్కినా బండి నెమ్మదించదు. ఎక్కడానికి ఏ గేరు కావలసి వచ్చునో దిగడానికీ అదే వేయండి. యాక్సిలరేటరు మూసి ఉంచితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది.

పోనీ ఆదా అయినా నిజమా? 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త నిబంధనల తరువాత పెట్రోలు బళ్లు చాలావరకు ఇంజెక్షన్ పద్ధతివే. వీటిలో గేరులో ఉండి యాక్సిలరేటరు మూసి దిగుతూంటే ఇంజనుకు పెట్రోలు పోవడమే ఆగుతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆగిపోకుండా కొంత పోవలసిందే.

గేర్లు లేని స్కూటరు వారికి ఈ వెసులుబాటు తక్కువ. వేగం బాగా తగ్గితే దాని క్లచ్చి తనంతట తానే విడిపోయి, ఇంజను పట్టు పోతుంది. వారు మొదటినుంచీ మెల్లగా, రెండు బ్రేకులూ కలిపి నొక్కుతూ వదులుతూ దిగాలి. బ్రేకు కాలిన వాసన వస్తే బండిని ప్రక్కకు తీసి, డ్రమ్ములు చల్లారేదాకా ఆగాలి.