ఐదుగురు నలులు – క్వాంటం గణనము

మేము నివసించు ఈ ఏ.ఎస్. రావు నగరునందు కూరలకు పోయినను, ఉత్తరముపై చిరునామా వ్రాసినను, ఒక శాస్త్రజ్ఞుని పేరు తలపకుండ దినము గడవదు. ఆయన అయ్యగారి సాంబశివరావుగారు. పశ్చిమ గోదావరి మండలమందలి మోగల్లు గ్రామమున 1914లో జన్మించి, అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదివి, తిరిగి వచ్చి హోమీ భాభాగారితో పనిచేసిరి. 1967లో ఇ.సి.ఐ.ఎల్. సంస్థ మా చెంతనే వెలసినప్పుడు దానిని నడిపిన తొలి పెద్ద వీరే. ఆనాడు కంప్యూటరనగా విదేశమునుండి రావలసిన వస్తువు. అట్టి కాలమున, 1969లో, మనవారు టి.డి.సి.–12 అను కంప్యూటరును స్వదేశముననే నిర్మించిరి. అది విదేశీయ యంత్రములను మించినదని మేము చెప్పము. చెడినచో విప్పి బాగుచేయగల బుద్ధియు మనదే యయ్యెనని మాత్రము చెప్పుదుము.

ఈ పాతకథ నిప్పుడు తలచుటకు కారణము కలదు. అట్టి సమయమే మరల వచ్చినది. అమరావతిలో 156 క్యూబిట్ల క్వాంటం కంప్యూటరును నెలకొల్పుదుమని ఐ.బి.ఎం., టి.సి.ఎస్. సంస్థలును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును 2025 మే నెలలో ప్రకటించినవి. ఆ మాట పత్రికలలో చదివి, ఇది మనకు సంబంధించినది కాదని పుట త్రిప్పిన వారు పెక్కురు కలరు. ఆ పుటను మరల తెరువుడని మా మనవి.

మన చేతి ఫోనులోని కంప్యూటరు ప్రతి లెక్కను సున్న, ఒకటి అను రెండు గుర్తులతో చేయును. ప్రతి గుర్తును సున్నయో ఒకటియో కావలసినదే. క్యూబిట్ అట్లు గాదు. మనము చూడనంతవరకు రెండింటి కలయికగా నుండి, చూచినంతనే ఏదో యొకటిగా తేలును. కావున ఈ యంత్రము లెక్కలన్నిటిని ఒక్కమారే చేసి జవాబు చెప్పునని కొందరు వ్రాయుచున్నారు. అది సగము మాట.

దమయంతీ స్వయంవరమును తలచుకొనుడు. ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు నలుని రూపమే తాల్చి నలుని ప్రక్కన కూర్చుండిరి. ఐదుగురు నలులు! ఆ క్షణముననే కన్నులు మూసికొని మాల వేసినచో ఎవరి మెడలో పడునో దైవమే యెరుంగును. దేవతలు తమ లక్షణములు చూపిన పిమ్మటనే నిజమైన నలుడు తేలెను. క్వాంటం కంప్యూటరులోను తప్పు జవాబులును ఒప్పు జవాబును ఇట్లే కలసి యుండును. తొందరపడి చూచినచో ఏదో యొకటి చేజిక్కును. చెరువులో రెండు అలలు ఎదురుపడినప్పుడు ఒకదాని మిట్ట మరియొకదాని పల్లమున కలసి రెండును అణగిపోవుట చూచుచున్నాము గదా! అట్లే తప్పు జవాబులు తమలో తామే అణగి, ఒప్పు జవాబు మిగులునట్లు లెక్కను నడపుటయే ఈ శాస్త్రమందలి నేర్పు. అట్టి ఉపాయము కొన్ని లెక్కలకే దొరకినది. పచారీ పద్దుకు ఈ యంత్రముతో పనిలేదు. అణువుల నడవడి నెరిగి క్రొత్త మందులను, క్రొత్త లోహములను కనుగొనుట కుపకరించునని విద్వాంసుల యాశ.

ఇక కష్టములు. కొంచెము వేడిమియు, కొంచెము కదలికయు సోకినను క్యూబిట్ చెదరిపోవును. ఐ.బి.ఎం., గూగుల్ యంత్రములందలి క్యూబిట్లను సున్నకు దిగువ 273 డిగ్రీల శైత్యమునకు సమీపమున నుంచవలెను. వ్రాయసకాండ్రు ఒక గ్రంథమునకు పలు ప్రతులు వ్రాసి, సరిచూచి తప్పులు దిద్దిరి. ఇక్కడ ఆ దారియు మూసికొన్నది. తెలియని క్యూబిట్‌కు నకలు తీయుట అసాధ్యమని 1982లోనే ఋజువైనది. 1995లో పీటర్ షోర్ అను పండితుడు తొమ్మిది క్యూబిట్లను కలిపి ఒకదానికి కావలి యుంచు ఉపాయమును చూపెను. 2024 డిసెంబరులో గూగుల్ వారు 105 క్యూబిట్ల విల్లో యంత్రమున, కావలి గుంపును పెంచినకొలది తప్పులు తగ్గుట చూపిరి. అంతకుముందు గుంపు పెరిగినకొలది తప్పులును పెరుగునను భయము వెన్నాడుచుండెను.

ఇంటివారికి తగులు సంగతి మరియొకటి కలదు. బ్యాంకు రహస్యములను కాపాడు తాళములు కొన్ని, పెద్ద సంఖ్యను దాని కారణాంకములుగా విడదీయుట కష్టమను నమ్మకముపై నున్నవి. ఆ కష్టమును తొలగించు క్వాంటం విధానమును 1994లో చెప్పినవాడు ఆ షోరే. అయినను భయపడి డబ్బు పెట్టెలో దాచుకొనవలదు. అట్టి తాళము విప్పుటకు పది లక్షలకు కొంచెము తక్కువ క్యూబిట్లు కావలెనని 2025లో ఒక అంచనా వెలువడినది. నేటి పెద్ద యంత్రములందలి క్యూబిట్లు వందలలో, వేలలో నున్నవి. క్వాంటం యంత్రమునకును లొంగని క్రొత్త తాళముల ప్రమాణములను అమెరికా ప్రభుత్వ సంస్థ 2024 ఆగస్టులో ప్రకటించినది. వానిని వేళకు అమర్చుట బ్యాంకుల పని. కాని నేడు దొంగిలించి దాచిన రహస్యమును రేపు విప్పవచ్చును గనుక ఆలస్యము తగదు. క్వాంటం అను పేరు చెక్కిన పతకములు రోగములు పోగొట్టునని అమ్మువారిని మాత్రము గుమ్మము దాటి రానీయకుడు. ఆ శాస్త్రమునకును ఆ పతకమునకును చుట్టరికము లేదు.

2023 ఏప్రిలులో కేంద్ర మంత్రివర్గము జాతీయ క్వాంటం మిషనుకు ఆరువేల కోట్ల రూపాయలకు పైగా అనుమతించెను. ఎనిమిదేండ్లలో 50 మొదలు 1,000 క్యూబిట్ల వరకు గల యంత్రములను నిర్మించుట దాని సంకల్పములలో నొకటి. ధనమున్నచో యంత్రము వచ్చును. దానిని విప్పి చూడగల వారు ధనముతో రారు. శైత్యమును నిలుపువారు, సన్నని తీగెలమర్చువారు, తప్పులు దిద్దు గణితజ్ఞులు మన యిండ్లనుండి రావలెను.

పదవ తరగతి ముగియగానే, ఆడపిల్లకు లెక్కలు బరువనియు, కాలేజీ దూరమనియు తీర్మానము జరుగునది మన వంటయింటిలోనే. ఆ తీర్మానమున తల్లి మాటకు విలువ కలదు. త్రికోణమితియు, సంభావ్యతయు నేర్చిన బిడ్డకు ఈ శాస్త్రపు తలుపు సగము తెరచినట్లే. ఇ.సి.ఐ.ఎల్. వచ్చిన నాడు ఈ ప్రాంతమున ఆ విద్య నెరిగిన ఇల్లాండ్రు ఎందరు? నేడు వారి మనుమరాండ్రు కంప్యూటరు కొలువులు చేయుచున్నారు. ఈ యేడు మీ యింట పదవ తరగతి చదువు బిడ్డ యున్నచో, ఏమి చదువుదువని ఆమెనే ముందుగా అడుగుడు.