చేలో మోటారు పోతే దొంగతనం కాదా?

అమలాపురంలో రోడ్డు పక్కన ఆపిన కారు అద్దం పగలగొట్టి బ్యాగు ఎత్తుకుపోతే, చుట్టుపక్కల కొట్ల ముందున్న సీసీ కెమెరాలన్నీ తిరగేస్తారు. తిరగేయాల్సిందే. కాలువ గట్టు దిగి అర కిలోమీటరు లోపలికి నడిస్తే వచ్చే కొబ్బరితోటలో మాత్రం కెమెరా లేదు, దీపం లేదు, రాత్రిపూట మనిషీ ఉండడు. అక్కడ మోటారు పోతే తిరగేయడానికి ఏమీ లేదు కాబట్టి కేసూ లేదన్నట్టుగా ఉంది వ్యవహారం.

వేసవిలో కాలువలు కట్టేశాక కొబ్బరికీ, అరటికీ, కందకీ, లంకల్లో కూరగాయలకీ ఫిల్టరు పాయింటే దిక్కు. దొంగకి కావలసింది మోటారు కాదు, దాని లోపలి రాగి. తీగ లాక్కుని డొల్ల బోదెలో పడేసి పోతాడు. ఉప్పలగుప్తం, అల్లవరం, కాట్రేనికోన వైపు చెరువుల మీద రాత్రి కేబుల్ కోసేస్తే ఏరేటర్లు ఆగిపోతాయి. తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. దొంగకి దక్కేది కేబుల్‌లోని నాలుగు కిలోల రాగి, రైతుకి పోయేది పంటంతా.

మా తమ్ముడు రాజోలు వైపు కౌలుకి చేస్తున్నాడు. రెండేళ్లలో రెండుసార్లు పోయింది. మొదటిసారి స్టార్టరు, కేబులు. రెండోసారి షెడ్డు తాళం పగలగొట్టి మూడు హెచ్‌పీ మోటారే పట్టుకుపోయారు. మొదటిసారి స్టేషన్లో కాగితం తీసుకున్నారు, రసీదు ఇవ్వలేదు. రెండోసారి అడిగిన మొదటి ప్రశ్న, కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉందని. భూమి గలాయన పేరున. ఆయన ఉండేది హైదరాబాదులో. ‘‘అయితే ఆయన్నే రమ్మనండి’’ అన్నారు. బతిమాలితే, ‘‘పాత మోటారే కదా, విలువ నాలుగు వేలని రాయండి’’ అన్నారు. మా మరదలు అక్కడే ఉంది. ‘‘కొత్తదానికి పాతిక వేలు అడుగుతున్నారండి, నాలుగు వేలకి మీరే ఒకటి ఇప్పించండి బాబూ’’ అంది. ఎవరూ మాట్లాడలేదు. ఆ వారమే చెవి దుద్దులు తాకట్టు పెట్టి మోటారు కొన్నారు. ఎఫ్ఐఆర్ మాత్రం ఇవాళ్టికీ లేదు.

ఆ నాలుగు వేలు ఊరికే అన్న మాట కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనానికి 303వ సెక్షన్. పోయిన సొత్తు విలువ ఐదు వేల లోపు ఉంటే అది నాన్ కాగ్నిజబుల్ నేరం. అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయడానికి లేదు. పుస్తకంలో రాసుకుని, కోర్టుకి వెళ్లమని మనకి చెప్పి పంపేస్తే వాళ్ల పని తీరిపోయినట్టే. ఒక రాత్రి వంద కొబ్బరికాయలు దింపుకుపోయినా ఆ విలువ ఐదు వేలకి చేరదు. నగరంలో కూర్చుని గీసిన గీత ఇది. చిల్లర దొంగతనాల భారం తగ్గించాలనుకున్నారు, సరే. చేలో పోయిన వస్తువు విలువని పాత ఇనుము ధరకి కట్టాలా, నీళ్లు ఆగిపోయిన తోటని చూసి కట్టాలా అన్నది ఎవరూ ఆలోచించినట్టు లేదు.

అయితే అదే చట్టంలో మనకి పనికొచ్చేవి కూడా ఉన్నాయి. సొత్తు భద్రపరిచే కట్టడంలో దొంగతనం జరిగితే అది 305వ సెక్షన్, ఏడేళ్ల దాకా శిక్ష. ఐదు వేల గీత దానికి లేదు. ప్రయాణికులను, సరుకును చేరవేసే వాహనంలోంచి వస్తువులు పోవడం కూడా ఆ సెక్షన్‌ కిందకే వస్తుంది. తాళం వేసిన మోటారు షెడ్డు సొత్తు భద్రపరిచే కట్టడం కాకపోతే మరేమిటి? పైపులు కోసి, మోటారు పగలగొట్టి సాగునీరు తగ్గిపోయేలా చేస్తే 326వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. ఫిర్యాదులో తాళం సంగతి, నీళ్లు ఆగిన సంగతి స్పష్టంగా రాయాలని మన మండల కమిటీలు రైతులకి చెప్పాలి. విలువ దగ్గర మాత్రం కొన్న బిల్లు చూపించాలి, ఎవరో చెప్పిన అంకె వేయకూడదు.

కౌలుదారు మాటకొస్తే, చట్టం చూసేది వస్తువు ఎవరి స్వాధీనంలోంచి పోయిందని. సర్వీసు ఎవరి పేరున ఉందన్నది కాదు. కౌలు రైతు ఫిర్యాదు ఇవ్వవచ్చు, తీసుకుని తీరాలి. కాగ్నిజబుల్ నేరమైతే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే లలితా కుమారి కేసులో తేల్చింది. ఇప్పుడు కొన్ని నేరాలకి డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ పెట్టుకునే వీలు ఇచ్చారు. అది కాగితం పక్కన పడేయడానికి ఇచ్చిన గడువు కాదు. స్టేషన్లో కాదంటే ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితం. దర్యాప్తు ఎందాకా వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకి చెప్పాలి.

స్టేషన్లలో మనుషులు చాలరన్నది నిజమే. ఉన్న కొద్దిమంది ప్రతి గట్టూ తిరగలేరు. కానీ రాగి చివరికి చేరేది పాత ఇనుప కొట్టుకే, దానికి గట్లన్నీ తిరగక్కర్లేదు. దొంగ సొత్తని తెలిసి కొన్నవాడికి 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా పడుతుంది. కాల్చి ఒలిచిన తీగ కిలోల లెక్కన తెచ్చినవాడి పేరు, ఫోను నంబరు కొట్లో రాసి ఉంచాలనీ, ఆ పుస్తకం నెలకోసారి పోలీసులు చూడాలనీ మన సంఘం జిల్లా ఎస్పీని అడగాలి. మోటార్లు పోయినవాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లి తిరిగి రావడం ఇక చాలు. వచ్చే మండల సమావేశానికి మోటారు బిల్లు, సర్వీసు నంబరు, ఉంటే పంట సాగుదారు హక్కు కార్డు, స్టేషన్లో ఇచ్చిన కాగితం నకలు తీసుకురండి. అందరివీ కలిపి ఒకే రోజు ఇద్దాం, ఒక్కొక్క కాగితానికీ రసీదు తీసుకునే కదులుదాం.