హిరైతూ, ఇంటిపన్నూ

సాహిత్యం చదివే మనవాళ్ళని వెల్ష్ భాషలో ఒక్క మాట చెప్పమంటే వచ్చేది ‘హిరైత్’. ఇన్‌స్టాలో పొగమంచు కమ్మిన కొండ, కింద ఈ మాట, ‘ఏ భాషలోకీ అనువదించలేని బెంగ’ అని వివరణ. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఊరి మీద బెంగ, పోయిన మనుషుల మీద బెంగ మనకి తెలీనివేం కాదు. భాషలోంచి ఒక్క మాట తుంచుకొచ్చి ఫ్రిజ్ మీద అయస్కాంతంలా అంటించుకుని, ఆ భాషని ప్రేమిస్తున్నాం అనుకోవడమే నాకు మింగుడుపడదు. ఇంగ్లండులో దానికి జోడీగా వెక్కిరింత ఉంది. అచ్చులు లేని భాష, గొంతులో కఫం భాష అని. పొగడ్త అయినా వెక్కిరింత అయినా దాన్ని మ్యూజియంలోనే కూర్చోబెడతాయి. ఆ భాషలో ఎవరో బ్యాంకులో గొడవ పడుతుంటారనీ, స్కానింగ్ రిపోర్టు చదువుకుంటారనీ మనకి తట్టనే తట్టదు.

‘తేనెలొలుకు’ అన్నట్టే వాళ్ళకీ ఒక ఊతపదం ఉంది, వెల్ష్ అంటే స్వర్గంలో మాట్లాడే భాష అని. దాన్ని స్వర్గానికి పంపే ఏర్పాట్లు మాత్రం కింద చాలాకాలం జరిగాయి. ‘వేల్స్’ అనే పేరే పాత ఇంగ్లీషులో పరాయివాళ్ళు అన్న మాట నుంచి వచ్చింది. బయటినుంచి వచ్చినవాళ్ళు ఇంట్లోవాళ్ళని పరాయివాళ్ళన్నారన్నమాట. 1536 నాటి చట్టం కోర్టుల్లో, కొలువుల్లో ఇంగ్లీషు తప్ప ఇంకోటి ఉండకూడదంది. 1847లో బడుల మీద విచారణకొచ్చిన ముగ్గురు కమిషనర్లకి వెల్ష్ ఒక్క ముక్క రాదు. ఆ జనం చదువులో, నీతిలో వెనకబడ్డారనీ, అందులో భాష పాపం చాలా ఉందనీ రాసి వెళ్ళారు. కొన్ని బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో ‘వెల్ష్ నాట్’ అని చెక్కముక్క వేలాడదీసేవాళ్ళు. 2009లో మైదుకూరులో తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలకలు వేసిన వార్త గుర్తుందా? ఆ చెక్కకి ఇది మనవరాలు.

మన భాషాభిమానులు కథ ఇక్కడ ఆపేసి కళ్ళు తుడుచుకుంటారు. మిగతా సగం వాళ్ళకి నచ్చదు. ఆ చెక్కముక్క ప్రభుత్వం జారీ చేసిన ఆజ్ఞ కాదు. చాలాచోట్ల తల్లిదండ్రులకీ ఇష్టమే. వెల్ష్‌లో దేవుడున్నాడు, పాట ఉంది, ఉద్యోగం లేదు. డిలన్ థామస్ అమ్మానాన్నలిద్దరికీ వెల్ష్ వచ్చు, కొడుక్కి నేర్పలేదు. పైగా ఇంగ్లీషు ఉచ్చారణ దిద్దించడానికి ట్యూషన్ పెట్టించారు. వాళ్ళని ద్రోహులనడం నాకు చేతకాదు. నాలుగు వందల ఏళ్ళుగా రాజ్యం ఒక భాషకే తాళంచెవి ఇస్తే, పిల్లల్ని ఆ భాషవైపు తోయని తల్లి ఎవరు? ఇక్కడ బడుగు కులాల పిల్లలు ఇంగ్లీషు మీడియం అడిగితే ‘అమ్మభాష’ అని గద్గదమయ్యే పెద్దమనుషుల్ని, మీ మనవలు ఏ మీడియం అని అడగాలనిపించేది అందుకే.

మరి వెల్ష్ బతకడానికి ఏం పనికొచ్చింది? కవి సమ్మేళనాల కన్నా ఎక్కువగా ఒక ఇంటిపన్ను నోటీసు పనికొచ్చిందంటాను.

లాన్‌గెనెక్ అనే ఊళ్ళో ట్రెవోర్, ఐలీన్ బీస్లీ అనే దంపతులుండేవాళ్ళు. ఆయన బొగ్గుగని కార్మికుడు. చుట్టుపక్కల ఎక్కువమంది మాట్లాడేది వెల్షే, పన్ను నోటీసు మాత్రం ఇంగ్లీషులో వచ్చేది. 1952లో వీళ్ళు, నోటీసు వెల్ష్‌లో పంపండి, అప్పుడు కడతాం అన్నారు. అంతే అడిగారు. నినాదాల్లేవు, ఊరేగింపుల్లేవు. కౌన్సిలు కోర్టుకి లాగింది. ఒకసారీ రెండుసార్లూ కాదు, పదిసార్లకు పైగా. అమీనాలు వచ్చి సామాను జప్తు చేశారు, పియానోతో సహా. పిల్లలున్న ఇల్లు అలా బోసిపోయేది. ఎనిమిదేళ్ళు గడిచాక, 1960లో, వెల్ష్ కూడా ఉన్న నోటీసు వచ్చింది. నాకు ఈ కథలో వీరత్వం కన్నా దాని చిన్నతనం నచ్చుతుంది. ఒక కాగితం, రెండు భాషలు. దానికోసం కుర్చీలు పోగొట్టుకోవడం.

1962 ఫిబ్రవరిలో నాటకకర్త సాండర్స్ లూయిస్ ‘భాష తలరాత’ అని రేడియో ప్రసంగం చేస్తూ బీస్లీలనే చూపించాడు. ఆ ఏడే వెల్ష్ భాషా సంఘం పుట్టింది. మరుసటి ఏడు కుర్రాళ్ళు అబరిస్ట్‌విత్‌లో వంతెన మీద దారికి అడ్డంగా కూర్చున్నారు. తర్వాత ఇంగ్లీషు రోడ్డు బోర్డుల మీద రంగు పూశారు, జైళ్ళకెళ్ళారు. వెల్ష్ టీవీ ఛానెల్ ఇస్తామని ఎన్నికల్లో చెప్పి థాచర్ ప్రభుత్వం మాట తప్పితే, 1980లో గ్విన్‌వోర్ ఎవన్స్ ఆమరణ నిరాహారదీక్ష చేస్తానన్నాడు. దీక్ష మొదలుకాకముందే ప్రభుత్వం దిగొచ్చింది. 1982లో ఎస్4సి ప్రసారాలు మొదలయ్యాయి. పొట్టి శ్రీరాములు చావు తెలిసినవాళ్ళం కాబట్టి, ఆ బెదిరింపు బరువెంతో మనకి వేరే చెప్పక్కర్లేదు.

‘అక్కడ అందరికీ ఇంగ్లీషు వచ్చు కదా, రెండేసి బోర్డులు దండగ ఖర్చు’ అంటారు. ఈ మాట అక్కడా వింటాం, ఐటీ ఉద్యోగం చేసే నా స్నేహితుల దగ్గరా వింటాం. భాష అంటే సమాచారం చేరవెయ్యడమే అయితే నిజమే, దండగే. కానీ ఇంగ్లీషు ‘అవసరం’ ఆకాశం నుంచి ఊడిపడలేదు. చట్టం రాసి పుట్టించిన అవసరం అది. చట్టంతో ఒక భాషని అనవసరం చేసి, అనవసరమైపోయింది కాబట్టి డబ్బు ఇవ్వం అనడం ఏం తర్కం? 2008లో స్వాన్సీలో ఒక రోడ్డు బోర్డుకి అనువాదం కోసం ఈమెయిల్ పంపితే, ‘నేను ప్రస్తుతం ఆఫీసులో లేను’ అని వెల్ష్‌లో వచ్చిన ఆటోమేటిక్ జవాబునే అనువాదం అనుకుని బోర్డు మీద అచ్చేయించారు. నవ్వొస్తుంది. చేయించినవాళ్ళలో ఆ వాక్యం చదవగలిగినవాళ్ళు ఒక్కరూ లేరన్నదే ఆ నవ్వులో చేదు.

అలాగని వెల్ష్ వాళ్ళు చేసిందంతా ఒప్పని నేననను. ఐస్టెద్‌వొడ్ అని ఏటా జరిగే వాళ్ళ పెద్ద సాహిత్య ఉత్సవంలో వేదిక మీద వెల్ష్ మాత్రమే వినిపించాలని నియమం. 2023లో సేజ్ టాడ్జ్ అనే నల్లజాతి ర్యాపర్, తన పాటల్లో ఇంగ్లీషు పాలు ఎక్కువైందని అక్కడ పాడకుండా తప్పుకున్నాడు. అంతకు ముందేడే, దవిద్ ఇవన్ 1983లో పాడిన ‘ఇంకా ఇక్కడే ఉన్నాం’ అనే పాటని తన డ్రిల్ పాటలో కలిపి ఫుట్‌బాల్ కుర్రాళ్ళకి చేరవేసిన మనిషి అతను. నియమం ఎందుకు పెట్టారో నాకు అర్థమవుతుంది. వారం రోజులైనా ఇంగ్లీషు చొరబడని చోటు ఒకటుండాలి. తలుపు ఒక్క అంగుళం తెరిస్తే వరద లోపలికొస్తుంది. అయినా పొరపాటు చేశారంటాను. ఆ కుర్రాడు రెండు భాషల్లో ఆలోచిస్తాడు, కాబట్టి రెండింట్లో పాడతాడు. అలాంటివాడు గుమ్మం బయట ఉంటే లోపల మిగిలేది చక్కని ఛందస్సు, తెల్లజుట్టు.

ఇన్ని చేసినా అంకెలు కుంగుతూనే ఉన్నాయి. 1911లో దాదాపు 9,77,000 మంది, జనంలో 43.5 శాతం వెల్ష్ మాట్లాడేవాళ్ళు. 2021కి 5,38,000 మంది, 17.8 శాతం. 2050కల్లా పది లక్షలు చేస్తామని ప్రభుత్వం 2017లో ప్రకటించింది. బడుల వల్ల కొంత జరగొచ్చు. కానీ వెల్ష్ బాగా వినపడే గ్వినెద్ లాంటి చోట్ల సముద్రం పక్క ఇళ్ళని ఎండాకాలం సెలవులకని బయటి డబ్బున్నవాళ్ళు కొనేసుకుంటున్నారు. బడిలో వెల్ష్ నేర్చుకున్న కుర్రాడికి సొంత ఊళ్ళో అద్దె ఇల్లు దొరకదు. గ్వినెద్ కౌన్సిల్ 2023 నుంచి ఇలాంటి రెండో ఇళ్ళ మీద మామూలు పన్నుకి అదనంగా 150 శాతం వేస్తోంది. మళ్ళీ ఇంటిపన్నే! ఇది భాష పేరుతో దోపిడీ అని గోలపెట్టేవాళ్ళున్నారు. నన్నడిగితే ఆ 150 శాతం తక్కువే. చలికాలం సాయంత్రం ఆ వీధుల్లో దీపం వెలగని కిటికీలు లెక్కపెట్టి, అప్పుడు వెయ్యాలి పన్ను.