కిష్తీకి ప్లైవుడ్డా, ఫోమా?



నారాయణఖేడ్‌లో కూర్చుని కిష్తీల గురించి రాయడమేంటని కొందరికి హైరత్ కలగొచ్చు. సముద్రం మనకు దూరమే. కానీ మనూర్, రాయికోడ్ దిక్కు పోతే సింగూరు బ్యాక్‌వాటర్ ఉంది. నిండితే 29.9 టీఎంసీల నీళ్లు. గంగపుత్ర, ముదిరాజ్ సోదరుల రోజీ ఆ నీళ్ల మీదే. పుట్టి, థర్మోకోల్ తెప్ప వదిలి మజ్బూత్ పడవ కట్టించుకోవాలనుకునే వాళ్లకు ఒక సవాల్ ఎదురవుతుంది. మెరైన్ ప్లైవుడ్‌తో కట్టాలా, మధ్యలో ఫోమ్ పెట్టి రెండు వైపులా ఫైబర్ వేసిన ప్యానెల్‌తో కట్టాలా?

నా రాయ్ సాఫ్‌గా చెప్తా. మన దగ్గర చిన్న పడవకు ప్లైవుడ్డే బెహతర్.

ముందు ఫోమ్‌కు ఇన్సాఫ్ చేద్దాం. 12 మిల్లీమీటర్ల మందమున్న 8 బై 4 ప్లైవుడ్ షీటు దాదాపు 23 కిలోలు తూగుతుంది. అదే కొలతలో పడవలకు వాడే పీవీసీ ఫోమ్ సుమారు 3 కిలోలే. ఫైబర్, రెజిన్ బరువు కలిపినా తేలికే. బయటి రెండు ఫైబర్ పొరలు బరువు మోస్తాయి, మధ్యలో ఫోమ్ వాటిని కదలకుండా పట్టి ఉంచుతుంది. చెక్కలా కుళ్లదు. పెద్దగా, వేగంగా పోయే పడవలకు అది నిజంగా నేమత్.

మరి ఖతరా ఎక్కడుంది? ఎండాకాలం నీళ్లు దిగితే రాళ్లు, మోడులు తేలుతాయి. పడవ వాటికి తగిలి పైపొర చిట్లితే నీళ్లు లోపలికి చేరతాయి. ఫైబర్ మెల్లగా ఫోమ్‌ను వదిలేస్తుంది. పైకి మాత్రం పడవ మెరుస్తూనే ఉంటుంది. తట్టి చూస్తే డొల్ల చప్పుడు వస్తుంది, కానీ రోజూ తట్టి చూసేదెవరు? ప్లైవుడ్ కూడా చెడిపోతుంది, అయితే నిషానీ ఇచ్చి చెడిపోతుంది. నల్లబడుతుంది, పొర ఉబ్బుతుంది, చాకు మొన దిగుతుంది. చెడిన ముక్క కోసేసి ఎపాక్సీతో కొత్త ముక్క అతికించే హునర్ మన వడ్ల మిస్త్రీలకు నేర్పితే వచ్చేదే. తడిసిన ఫోమ్ తీసి, ఆరబెట్టి, ఫైబర్ పొర పొరగా వేసే కారీగర్ కోసం ఎంత దూరం పోవాలి?

ఇంకో ధోకా ఉంది. పీవీసీ ఫోమ్ మెహంగా కాబట్టి థర్మోకోల్ పెడదాం అనే వాళ్లుంటారు. మామూలు పాలిస్టర్ రెజిన్‌లో ఉండే స్టైరీన్ థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. పెట్రోల్ పడినా అంతే.

1980ల్లో కన్యాకుమారి జిల్లా ముట్టంలో, కేరళ అంజెంగోలో జాలర్ల కోసం ప్లైవుడ్ పడవలు కట్టడం మొదలైంది. కట్టే చోటు, బాగుచేసే చోటు జాలర్ల దగ్గరే ఉండటం వాటికి పెద్ద సహారా అయింది. 2004 సునామీ తర్వాత ఫైబర్ పడవలు పెద్ద ఎత్తున పంచారు. హడావుడిగా కట్టినవాటిలో ఎన్నో లోపాలు బయటపడ్డాయి. అవి ఫోమ్ ప్యానెల్ పడవలు కావు, మామూలు ఫైబర్‌వి. సబక్ మాత్రం ఒకటే. ఫైబర్ పని మంచిచెడ్డలు కట్టే చేతి మీద ఉంటాయి, ఆ చెయ్యి తప్పితే కంటికి కనపడదు.

అలాగని ప్లైవుడ్ పేరు చెప్పి ఏది ఇచ్చినా తీసుకోకండి. అల్మారాకు వాడే వాటర్‌ప్రూఫ్ షీటు వేరు, ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్ వేరు. ఐఎస్ 710 షీటు 72 గంటలు మరిగే నీళ్లలో ఉన్నా పొరలు విడిపోకూడదు. ముద్ర చూడండి, బిల్లు అడగండి. చిన్న ముక్క కోయించి ఇంట్లో హండీలో మరిగించండి. కొన్ని గంటలకే పొరలు ఊడితే ఆ దుకాణానికి ఖుదా హాఫిజ్ చెప్పండి. కోసిన అంచులకు ఎపాక్సీ పట్టించడం, బయట ఫైబర్ పూత వేయించడం మరవద్దు. పని లేనప్పుడు పడవను నీడలో బోర్లించండి.

ఫోమ్‌కూ ఒక జాగా ఉంది. సీట్ల కింద మూసేసిన పెట్టెల్లో సరిపడా పెడితే, పడవ బోల్తాపడినా మునగదు. పట్టుకునేందుకు ఆసరా దొరుకుతుంది. దాంతోపాటు ఒంటి మీద లైఫ్ జాకెట్ కూడా ఉండాలి.

బయానా ఇచ్చే ముందు ఒక్క సవాల్ అడగండి: ఇది పగిలితే ఖేడ్‌లో బాగుచేసేదెవరు? జవాబ్ రాకపోతే ఆ సౌదా వద్దు.