పసుపుతాడు – పరదేశ నివాసము

అన్నవరము రత్నగిరిపై జరుగు పెండ్లిండ్లలో వరుడు అమెరికా ఉద్యోగి యగుట నేడు వింత గాదు. అట్టి వధువునకు లభించు హెచ్-4 వీసా ఆమె విద్యనుబట్టి వచ్చునది కాదు. భర్త హెచ్-1బి వీసాను ఆశ్రయించి యుండునది. దానిపై ఆమె చదువుకొనవచ్చును గాని ఉద్యోగము చేయరాదు. 2015 మే నెలనుండి మాత్రము, భర్త శాశ్వత నివాసమునకై యజమాని వేసిన పిటిషను ఆమోదము పొందినచో, భార్యయు పనికి అనుమతి కోరవచ్చును.

అసలు చిక్కు దాంపత్యము చెడినప్పుడు తెలియును. విడాకులు ఖాయమగుటతో హెచ్-4 హోదా అంతరించును. కావున దారి మార్చుకొనదలచిన స్త్రీ ఆ హోదా నిలిచియుండగానే దరఖాస్తు చేయవలెను. మార్గములు ముఖ్యముగా రెండు. విద్యార్థి వీసాయగు ఎఫ్-1కు విద్యాలయ ప్రవేశమును, ధనాధారమును చూపవలెను. సొంత హెచ్-1బికి యజమాని పూనుకొనవలెను. అవి సాధారణముగా ఏటికి 65,000, అమెరికాలో ఉన్నత పట్టములు పొందినవారికి మరి 20,000 మాత్రమే. అర్జీలు అంతకు మించుటచే అందరికిని దక్కవు.

ఈ రెండు ద్వారములును చదువుతోనే తెరచుకొనుట గమనింపదగినది. పెండ్లి కుదిరినదని ఆడపిల్ల చదువును నడుమ మాన్పించు తల్లిదండ్రులకు ఈ మాట చెప్పవలసినవారు ఉపాధ్యాయులే. సారెతోబాటు పట్టాయు ఆమెతో పోవలెను. పాసుపోర్టు ఆమె చేతనే యుండవలెను.