పాత కంప్యూటర్ పారేయమనేటోళ్లకు మా రూము జవాబు

ఇయ్యాల డ్యూటీ లేదు. బట్టలు పిండుకున్నం, కూర అయింది, అన్నం ఉడుకుతున్నది. ఇగ మనసుల ఉన్నది రాస్తున్నం. కొంచెం పొడుగైతది, ఓపికతోని చదవండి. చివరికి మీ జేబులో పైసలు మిగిలే ముచ్చటే ఇది.

మా రూముల ఎనిమిది మందిమి ఉంటం. ఏసీ మెకానిక్కులం, ఎలక్ట్రీషియన్లం, హెల్పర్లం. మాలో ఒకాయనది కోరుట్ల దిక్కు ఊరు. ఆయన 2013ల ఛుట్టీకి పోయినప్పుడు బిడ్డ కోసమని ఒక డెస్క్‌టాప్ కొనిపెట్టిండు. ఇంటెల్ ఐ3-2120 ప్రాసెసర్, హెచ్61 బోర్డు, 4 జీబీ ర్యామ్. అప్పుడు బిడ్డ చిన్నది, బొమ్మలు గీసుకునేది. ఇప్పుడు ఆ బిడ్డ ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. సీ, పైథాన్ నేర్చుకోవాలె, వీడియో పాఠాలు చూడాలె. కంప్యూటరేమో ఆన్ చేసి చాయ్ తాగొచ్చినా తెరుచుకుంటలేదు.

దగ్గరున్న టౌనుల ఒక షాపుకు తీసుకపోయిన్రు. షాపాయన డబ్బా మూత కూడా విప్పలేదు. "రెండో జనరేషనా? ఇది మ్యూజియంల పెట్టాలె. మీ నాయిన దుబాయిల ఉన్నడు కదా, కొత్తది తీసుకోండ్రి, 48 వేలు" అన్నడట.

మాకు కోపం వచ్చింది గా 48 వేల మాటకు కాదు. "దుబాయిల ఉన్నడు కదా" అన్న మాటకు. ఆ 48 వేలు అంటే ఇక్కడ సుమారు రెండు వేల దిర్హములు. తిండి, ఫోను పోంగ నెలకు 800 దిర్హములు ఇంటికి పంపేటోనికి అది రెండున్నర నెలల చెమట. యాభై డిగ్రీల ఎండల బిల్డింగు పైకప్పు మీద నిలబడి చేసిన పని. మూత విప్పి చూసే కష్టం కూడా పడనోడు ఆ రెండున్నర నెలలను ఒక్క మాటతోని తీసుకుంటనంటే ఎట్ల?

మేము రోజూ చేసే పని ఏంది? చిల్లర్ ఆగిపోతే కంప్రెసర్ మారుస్తం. ఫ్యాన్ మోటార్ కాలితే మోటార్ మారుస్తం. బిల్డింగు మొత్తం కూలగొట్టి కొత్తది కట్టుమని ఏ ఇంజినీరైనా అంటడా? అంటే వాన్ని తెల్లారి విమానం ఎక్కిస్తరు. మరి మన ఇంట్ల కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎటు పోతున్నది?

ఆ రాత్రి రూముల కూసొని లెక్క తీసినం. హెచ్61 బోర్డు మీద 1155 సాకెట్ ఉంటది. 2011ల వచ్చిన రెండో జనరేషన్ ప్రాసెసర్లకు, 2012ల వచ్చిన మూడో జనరేషన్‌కు సాకెట్ అదే. బోర్డు కంపెనీ ఇచ్చిన కొత్త బయోస్ వేస్తే మూడో జనరేషన్ కూడా నడుస్తది. ఐ3-2120ల రెండు కోర్లే. ఐ7-3770ల నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. ఒకే బోర్డు మీద అంత తేడా! ఆ షాపాయనకు ఇది తెల్వదా? తెల్వకపోతే షాపు ఎందుకు? తెలిసి చెప్పకపోతే దానికి మన ఊర్ల ఏమంటరో మీకు తెలుసు.

మరుసటి వారం సెకండ్‌హ్యాండ్ సామాన్ల షాపుల కాడ తిరిగి ఐ7-3770 ఒకటి 110 దిర్హములకు తెచ్చినం. షాపోళ్ల బోర్డు మీద పెట్టి నడిపించి చూసినంకనే పైసలు ఇచ్చినం. పక్క రూము తమ్ముడు ఛుట్టీకి పోతుంటే ప్లాస్టిక్ డబ్బాల భద్రంగ పెట్టి ఇచ్చినం.

పని చేసింది మాత్రం ఆ బిడ్డనే. మేము వీడియో కాల్‌ల చెప్పినం, ఆమె చేసింది. ముందు సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం వేసి బోర్డు పేరు, బయోస్ తేదీ చూసింది. పాత ప్రాసెసర్ ఉండంగనే బయోస్ కొత్తది వేసింది. ఇది మరువద్దు: ముందుగాల ప్రాసెసర్ మార్చి తర్వాత బయోస్ వేస్తనంటే స్క్రీన్ మీద బొమ్మే రాకపోవచ్చు. బయోస్ వేసేటప్పుడు కరెంటు పోతే బోర్డు పోయినట్టే, అందుకని పక్కింటోళ్ల యూపీఎస్ అడిగి తెచ్చుకున్నది. ఇంటెల్ సాకెట్‌ల పిన్నులు బోర్డుకే ఉంటయి, వెంట్రుకలంత సన్నగ. వేలు తగిలితే వంగుతయి. త్రికోణం గుర్తుకు త్రికోణం గుర్తు కలిపి మెల్లగ పెట్టింది, ఒత్తలేదు.

మొదటిసారి ఆన్ చేస్తే పది నిమిషాలకు ఆగిపోయింది. ఇంట్ల అందరు భయపడ్డరు. చూస్తే కూలర్ పిన్ను ఒకటి సరిగ్గ దిగలేదు. దానికి తోడు ఐ3తో వచ్చిన సన్న కూలర్ 65 వాట్లకు సరిపోయేది, ఐ7-3770ది 77 వాట్లు. ఇంకో పెద్ద కూలర్ బంధువుల పాత డబ్బాల దొరికింది. పాత పేస్టు తుడిచి కొత్తది రాసి నాలుగు పిన్నులు దించింది. అంతే, ఇగ ఆగలేదు.

లెక్క చెప్తం. ప్రాసెసర్ మన పైసలల్ల 2,500. 240 జీబీ ఎస్ఎస్‌డీ 1,700. పాత 4 జీబీ ర్యామ్ ఇంకోటి 700. పేస్టు 150. మొత్తం 5,050. హెచ్61ల సాటా వేగం తక్కువే, అయినా పాత హార్డ్‌డిస్క్ పక్కన పెడితే ఆ ఎస్ఎస్‌డీ గుర్రం లెక్క ఉరుకుతున్నది. ఆ బిడ్డ ఫోన్ చేసి "బాపూ, నేనే విప్పిన, నేనే బిగించిన" అన్నది. 48 వేలు పెడితే ఈ మాట వచ్చేదా?

ఇప్పుడు కొందరు అంటరు, మీరు గొప్పలు చెప్తున్నరు, పాతది పాతదే అని. మేము గుడ్డిగ చెప్తలేము. ఎక్కడ పనికి రాదో కూడా రాస్తున్నం.

ఒకటి. కంప్యూటర్ మెల్లగ ఉంటే తప్పు ప్రాసెసర్‌దే అనుకోకండి. టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. డిస్క్ నూటికి నూరు చూపిస్తే ముందు ఎస్ఎస్‌డీ వేయండి, చాలామందికి అక్కడనే పని అయిపోతది. సీపీయూ నూరు చూపిస్తేనే ప్రాసెసర్ ముచ్చట.

రెండు. ఆఫీసుల నుంచి వచ్చే సెకండ్‌హ్యాండ్ డబ్బాలల్ల క్యూ65, క్యూ67, బీ65 బోర్డులుంటే సాకెట్ 1155 అయినా మూడో జనరేషన్‌కు ఇంటెల్ మద్దతు లేదు. వాటికి రెండో జనరేషన్‌ల పెద్దది ఐ5-2400, ఐ7-2600 అసొంటివే చూసుకోవాలె.

మూడు. 1151 సాకెట్ దగ్గర జాగ్రత్త. మాలో ఒక తమ్ముడు ఇట్లనే మోసపోయిండు. ఆయనది హెచ్110 బోర్డు, ఆరు, ఏడో జనరేషన్లకు సరిపోయేది. షాపోడు "ఇది కూడా 1151నే" అని ఎనిమిదో జనరేషన్ ఐ5-8400 అంటగట్టిండు. సాకెట్‌ల కూసున్నది, కంప్యూటర్ లేవలేదు. వాపసు తీసుకోలేదు. 2017ల ఎనిమిదో జనరేషన్ తెచ్చినప్పుడు ఇంటెల్ సాకెట్ పేరు అదే ఉంచి 300 సిరీస్ బోర్డులనే తప్పనిసరి చేసింది. తెలిసిన కుర్రోళ్లు బయోస్ మార్చుకొని కొన్ని పాత బోర్డుల మీద కూడా నడిపించి చూపిన్రు. అంటే పూర్తిగ చేతకాక కాదు.

కంపెనీలు తలుచుకుంటే అయితది అనడానికి ఇంకో సాక్ష్యం ఏఎండీ. 2020ల బీ450 బోర్డులకు కొత్త రైజెన్ ఇవ్వమన్నరు. వాడేటోళ్లు గట్టిగ అడిగేసరికి అదే నెలల మాట మార్చుకున్నరు. 2022ల ఇంకా పాత 300 సిరీస్ బోర్డులకు కూడా రైజెన్ 5000కు దారి ఇచ్చిన్రు. అడిగితే అయింది. మనం అడుగుతలేము, పర్సు తీస్తున్నం.

నాలుగు, విండోస్. విండోస్ 11కు ఇంటెల్‌ల ఎనిమిదో జనరేషన్ నుంచే మద్దతు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇంట్ల వాడుకునేటోళ్లు పేరు నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ దాకా వస్తయి. ఆ తర్వాత? లినక్స్ మింట్ ఉన్నది, ఉచితం. సీ, పైథాన్, బ్రౌజర్, వీడియో పాఠాలు అన్ని దాంట్ల నడుస్తయి. కాలేజోళ్లు విండోస్ 11 మీదనే నడిచే సాఫ్ట్‌వేర్ తప్పనిసరి అంటే మాత్రం మా మాట వినకండి, వేరే కంప్యూటర్ చూసుకోండి. చదువు ముఖ్యం, మా పంతం కాదు.

ఆఖరికి అసలు మాట. షాపోన్ని తిట్టుడు సులువు. తప్పుల మన వాటా కూడా ఉన్నది. "గల్ఫ్‌ల ఉన్నోని ఇంట్ల పాత కంప్యూటరా" అని ఎవరో అంటరని మనకు నామోషీ. ఛుట్టీకి పోతే పెద్ద టీవీ, పెద్ద ఫోను, ఊరు చూడాలె. ఆ చూపుల కోసం మిత్తికి అప్పు తెచ్చినోళ్లు మా క్యాంపులనే ఉన్నరు. ఆ మిత్తి కట్టడానికే ఇంకో రెండేండ్లు అగ్రిమెంటు పొడిగించుకున్నోళ్లను చూసినం. ఊరు రెండు రోజులు చూస్తది, మర్చిపోతది. ఆ రెండేండ్లు మనకు వాపసు వస్తయా? బిడ్డ పక్కన కూసోని పండుగలు వాపసు వస్తయా?

కొత్తది కొనొద్దని మేము అనం. అవసరముంటే కొనండి. కాని మూత విప్పకుండ "పారేయ్" అన్నోని మాట మీద కొనకండి. బోర్డు పేరు అడగండి, సాకెట్ అడగండి, ఏది కాలిందో, ఏది మెల్లగున్నదో అడగండి. జవాబు చెప్పలేనోని షాపుల పైసలు పెట్టకండి.

బోర్డు ఫోటో తీసి మాకు పంపండి. డ్యూటీ నుంచి వచ్చినంక ఎనిమిది మందిమి కూసొని చూస్తం. తెలిసింది చెప్తం, తెల్వనిది తెల్వదంటం. పైసలు తీసుకోం. 48 వేలల్ల 43 వేలు మిగిలినయి ఆ ఇంట్ల. అవి ఆ బిడ్డ రెండో సంవత్సరం ఫీజుకు పక్కన పెట్టిన్రు.

అన్నం అయింది. ఉంటం మరి.